సీఎస్ఈ సీటు కంటే ముందు నలభై గంటలు



ఈ ఏడాది పేరెంట్స్ మీటింగుల్లో నన్ను ఎక్కువమంది అడిగింది మార్కుల గురించి కాదు. "సార్, మావోడు రాత్రి పదకొండు దాకా యూట్యూబ్‌ల కంప్యూటర్ క్లాసులు సూస్తున్నా అంటుండు. సూడనియ్యాల్నా, ఫోన్ గుంజుకోవాల్నా?" అని. లైన్‌లో ఇంకా యాభై మంది ఉండగా ఒక్కొక్కరికి వివరంగా చెప్పే తీరిక ఉండదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నా జవాబు: చూడనివ్వండి. రాత్రి పదకొండు దాకా కాదు, ఏది పడితే అది కాదు. కానీ చూడనివ్వండి. పిల్లల సరదా కోసం ఈ మాట అనడం లేదు, మీ డబ్బు కోసం అంటున్నాను.

మన దగ్గర దారి ఎలా ఉందో మీకు తెలుసు. పదో తరగతి అయితే ఎంపీసీ, ఎంపీసీ అయితే ఎప్‌సెట్, ర్యాంకు ఎంత వచ్చినా సీఎస్ఈ. కన్వీనర్ కోటాలో దొరకకపోతే ప్రైవేటు కాలేజీల్లో ముప్పై శాతం మేనేజ్‌మెంట్ సీట్లు ఉంటాయి, వాటి వెంట పరుగు. జూన్‌లో దుంప నాటి, తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి, పాలిష్ పట్టి యార్డుకు చేర్చిన పసుపు డబ్బులు, లేదంటే దుబాయిలోనో మస్కట్‌లోనో ఎండలో నిలబడి నాన్న పంపిన డబ్బులు, నాలుగేళ్లపాటు ఆ ఒక్క సీటుకే పోతాయి. ఇందులో విచిత్రం ఏమిటంటే, సీటు ఎంచుకునే రోజు వరకు మన పిల్లలు ఆ సబ్జెక్టు ముఖమే చూసి ఉండరు. ఎంపీసీ అంటే లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ. అందులో కంప్యూటర్ సైన్స్ లేదు. సీబీఎస్ఈ పదకొండు, పన్నెండు తరగతుల్లో పైథాన్‌తో కంప్యూటర్ సైన్స్ ఐచ్ఛిక సబ్జెక్టుగా ఉంది కానీ మన పిల్లల్లో ఎక్కువమంది వెళ్లేది ఇంటర్‌కే. ఇక కింది తరగతుల్లో 'కంప్యూటర్స్' పేరుతో చెప్పేది చాలావరకు వర్డ్, పవర్‌పాయింట్, పెయింట్, కంప్యూటర్ తరాల చరిత్ర. అది కంప్యూటర్ వాడకం. ట్రాక్టర్ నడపడానికి, ఇంజన్ తయారు చేయడానికి ఉన్నంత తేడా ఉంది రెండింటికీ.

మార్కెట్ యార్డులో వ్యాపారి కుప్పలోంచి ఒక కొమ్ము తీసి, విరిచి, లోపలి రంగు చూసిన తర్వాతే ధర మాట్లాడతాడు. క్వింటాల్ పసుపుకే అంత జాగ్రత్త ఉంటే, నాలుగేళ్ల చదువుకు మనం కనీసం విరిచి చూడటం లేదు. ఇప్పుడు ఆ అవకాశం ఉచితంగా దొరుకుతోంది. యూట్యూబ్‌లో ఉన్న మంచి కంప్యూటర్ సైన్స్ పాఠాలు ప్రపంచంలో గొప్ప పేరున్న విద్యాసంస్థల నుంచి వచ్చినవి, వాటికి ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. వచ్చే వేసవి సెలవుల్లో రోజుకు గంట చొప్పున సుమారు నలభై గంటలు ఒక పద్ధతిలో గడిపితే, ఈ చదువు తనకు పడుతుందో లేదో పిల్లవాడికి చాలావరకు తెలిసిపోతుంది. నలభై అన్నది ఏ పరిశోధనా చెప్పిన లెక్క కాదు, ల్యాబ్‌లో పిల్లల్ని చూస్తూ నేను వేసుకున్న లెక్క.

అసలు కంప్యూటర్ సైన్స్ అంటే ఏమిటి అని అడిగే అమ్మానాన్నల కోసం ఒక ఆట చెప్తాను. ఇవాళ రాత్రి అన్నం తిన్నాక ఆడండి, ఫోన్ అక్కర్లేదు, ఇంగ్లిష్ అక్కర్లేదు. 1 నుంచి 1000 లోపు ఒక అంకె మీరు మనసులో అనుకోండి. పిల్లలు అడగాలి, మీరు 'పైన', 'కింద', 'అదే' అని మాత్రమే చెప్పాలి. చాలామంది పిల్లలు '7?', '100?', '786?' అంటూ ఊరికే గురి లేకుండా కొడతారు. కాసేపయ్యాక ఎవరో ఒకరికి వెలుగుతుంది: ముందు 500 అడగాలి. 'పైన' అంటే కింది సగం మొత్తం ఎగిరిపోయింది. తర్వాత 750. అలా సగం చేసుకుంటూ పోతే ఎంత దురదృష్టవంతుడికైనా పది ప్రశ్నల్లో అంకె దొరకాల్సిందే. 1000 బదులు పది లక్షలు పెట్టండి, అయినా ఇరవై ప్రశ్నలు చాలు. వెయ్యి రెట్లు పెద్ద పని, రెట్టింపు శ్రమ మాత్రమే. దీన్ని బైనరీ సెర్చ్ అంటారు. ఈ మాట వినగానే "ఎట్లెట్లా? ఇరవైలోనే ఎట్ల వస్తది?" అని కాగితం తీసి లెక్కవేసే పిల్లలు ఉంటారు. "సరే, టీవీ పెట్టు" అనేవాళ్లూ ఉంటారు. ఒక్క ఆటతో తీర్పు చెప్పొద్దు కానీ, కంప్యూటర్ సైన్స్ అంటే ఈ 'ఎట్లెట్లా' అనే దురదే. టైపింగ్ వేగం కాదు, గేమ్స్ ఆడటం కాదు, ఫోన్ సెట్టింగులన్నీ తెలియడమూ కాదు.

ఇదే విషయాన్ని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మలన్ అనే ప్రొఫెసర్ తన మొదటి క్లాసులో చెప్పే తీరు చూడాల్సిందే. పాత లెక్చర్లలో ఆయన లావుపాటి టెలిఫోన్ డైరెక్టరీ పట్టుకుని, మధ్యకు తెరిచి, అక్కర్లేని సగాన్ని నిజంగానే చింపి పడేస్తారు. మళ్లీ సగం, మళ్లీ సగం. ఆ కోర్సు పేరు సీఎస్50. మొత్తం యూట్యూబ్‌లో ఉంది. ఒక్క ఛానల్ పేరు చెప్పమంటే నేను చెప్పేది ఇదే. కారణం ఆయన నాటకీయత ఒక్కటే కాదు. ప్రతి లెక్చర్ తర్వాత చేయాల్సిన లెక్కలు ఉంటాయి, వాటిని దిద్దే ఏర్పాటు కూడా ఉచితంగానే ఉంది. చూసి వదిలేస్తే ఏమీ రాని చదువు ఇది.

అయితే ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని దాన్ని వరుసగా చూడమనొద్దు. వాళ్లు లెక్కను సున్నా నుంచి మొదలుపెడతారు కాబట్టి తొలి క్లాసు పేరు 'వీక్ 0'. అందులో స్క్రాచ్ ఉంటుంది. అమెరికాలోని ఎంఐటీ 2007లో పిల్లల కోసం విడుదల చేసిన భాష అది, రంగురంగుల ఇటుకల్ని ఒకదాని కింద ఒకటి అతికించినట్టు ప్రోగ్రామ్ తయారవుతుంది. అంతవరకు హాయిగా ఉంటుంది. తర్వాతి క్లాసులోనే సీ భాష వచ్చి మీద పడుతుంది. అక్కడ జారిపడి "ఇది నాకు రాదు" అనుకునే పిల్లలు చాలామంది. అందుకని వీక్ 0 చూసి, రెండు వారాలు స్క్రాచ్‌లో సొంతంగా ఒక ఆటో, ఒక కథో చేయనివ్వండి. తర్వాత అదే ప్రొఫెసర్ పైథాన్ కోసం విడిగా చేసిన సీఎస్50పీ అనే కోర్సుకు వెళ్లమనండి. మొదటి కోర్సులో అల్గారిథమ్స్ గురించిన వీక్ 3 లెక్చర్ మాత్రం మధ్యలో ఎప్పుడైనా చూడొచ్చు. లెక్చర్ ఒక్కొక్కటి రెండు గంటల దగ్గరగా ఉంటుంది. ఒకే కూర్చోవడంలో చూస్తే సినిమా చూసినట్టే. ఇరవై నిమిషాలకు ఆపాలి.

అంతసేపు కూర్చోలేని పిల్లలకు క్రాష్‌కోర్స్ ఛానల్‌లో కంప్యూటర్ సైన్స్ వరుస ఉంది. 2017లో వచ్చింది, 40 భాగాలు, ఒక్కొక్కటి పది పన్నెండు నిమిషాలు. క్యారీ ఆన్ ఫిల్బిన్ అనే ఆవిడ చెప్తారు. పూసల చట్రం నుంచి మొదలుపెట్టి, స్విచ్ ఆన్ ఆఫ్ అయినంత మాత్రాన కూడికలు ఎలా జరుగుతాయో మెట్టు మెట్టుగా పైకి తీసుకెళ్తారు. కోడ్ రాయడం నేర్పరు, యంత్రం లోపల ఏం జరుగుతుందో చెప్తారు. ఆవిడ మాట వేగం ఎక్కువ. వీడియోలో సెట్టింగుల గుర్తు నొక్కి వేగాన్ని 0.75 పెట్టుకుంటే మన పిల్లలకు అందుతుంది. ఇక కంప్యూటర్‌ఫైల్ అని ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్లతో తీసే ఛానల్ ఒకటి. పాతకాలం ప్రింటర్ కాగితం మీద స్కెచ్ పెన్నుతో గీస్తూ ఒక తాతగారు, ప్రొఫెసర్ బ్రెయిల్స్‌ఫోర్డ్, కథ చెప్పినట్టు చెప్పే భాగాలు నాకు చాలా ఇష్టం. అవి వరుసగా నేర్చుకోవడానికి కాదు, ఆసక్తి పుట్టడానికి. ఎలక్ట్రానిక్స్ మీద చేయి పడిన పిల్లలైతే బెన్ ఈటర్ అనే ఆయన తీగలు గుచ్చి గుచ్చి ఒక చిన్న కంప్యూటర్‌నే తయారు చేస్తారు, అది చూపించండి. ఇంట్లో మోటార్ స్టార్టర్ విప్పి తిట్లు తినే పిల్లవాడు ఉంటే ఆ ఛానల్ వాడికే.

ఇక్కడొక చిక్కు ఉంది, దాచి లాభం లేదు. మన పిల్లలు ఇంగ్లిష్ మీడియంలో చదువుతున్నారు, పుస్తకం చదువుతారు, పరీక్ష రాస్తారు. కానీ అమెరికా వాళ్లు వేగంగా మాట్లాడే ఇంగ్లిష్‌ను వింటూ, అదే సమయంలో కొత్త ఆలోచనను పట్టుకోవడం వేరే సంగతి. సగం బుర్ర భాషకే ఖర్చవుతుంది. అర్థం కాకపోతే "సబ్జెక్టు కష్టం" అనుకుంటారు, నిజానికి కష్టం భాషది. తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టుకోవచ్చు కదా అంటారు. యూట్యూబ్ తనంతట తాను చేసే తెలుగు అనువాదం సాంకేతిక పదాల దగ్గర తడబడుతుంది, కొన్నిసార్లు నవ్వొస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలే కింద పడేలా పెట్టుకోవడం నయం.

తెలుగులో లేవా? ఉన్నాయి. కానీ తెలుగులో కంప్యూటర్ అని వెతికితే ముందుగా వచ్చేవి కొత్త ఫోన్ల సమీక్షలు, తర్వాత బీటెక్ సెమిస్టర్ పరీక్ష ముందు రోజు చూసే పాఠాలు, ఆ తర్వాత అమీర్‌పేట తరహా ఉద్యోగ శిక్షణ. ఎనిమిదో తరగతి పిల్లవాడికి ఓపికగా మొదటి మెట్టు నుంచి చెప్పేవి తక్కువ. నేను ధైర్యంగా చెప్పగలిగింది ఐఐటీ బొంబాయి వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్. ప్రొఫెసర్ కన్నన్ మౌద్గల్య మొదలుపెట్టిన ప్రాజెక్టు, కేంద్ర ప్రభుత్వ నిధులతో నడిచింది. ఒక్కో పాఠం సుమారు పది నిమిషాలు, చాలా పాఠాలకు తెలుగు డబ్బింగ్ ఉంది. చూడటానికి ఏమంత అందంగా ఉండవు. గ్రాఫిక్స్ లేవు, జోకులు లేవు. కానీ వాళ్ల పద్ధతి నాకు నచ్చుతుంది: స్క్రీన్‌లో సగం వీడియో, మిగతా సగంలో నువ్వు చేయాల్సిన పని. ఒక వాక్యం వినడం, ఆపడం, చేయడం, మళ్లీ వినడం. ఇంట్లో అమ్మ పక్కన కూర్చుని మొదటి పాఠం తనూ వినొచ్చు, తెలుగే కాబట్టి. మన ప్రభుత్వం నడిపే టీశాట్ విద్య, నిపుణ ఛానళ్లు బడి పాఠాలకు, పోటీ పరీక్షలకు బాగా పనికొస్తాయి. ఈ పనికి మాత్రం అవి ఒక్కటే చాలవు.

ఇంట్లో ఇప్పటికే బీటెక్ చేరిన అక్కో అన్నో ఉంటే వాళ్లకు వేరే వరుస. ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్‌లో చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రొఫెసర్ మాధవన్ ముకుంద్ చెప్పిన పైథాన్, డేటా స్ట్రక్చర్స్ కోర్సు చూడమనండి. పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కోసం పరీక్ష రాస్తేనే ఫీజు. అల్గారిథమ్స్ దగ్గర తట్టుకోలేకపోతే అబ్దుల్ బారి గారి వైట్‌బోర్డు పాఠాలు, గేట్ రాయాలనుకుంటే మన తెలుగువారే అయిన రావుల రవీంద్రబాబు గారి పాత లెక్చర్లు. కాలేజీలో అర్థం కాని చాలా క్లాసులు ఈ ముగ్గురి దగ్గర అర్థమవుతాయి. వీటిని స్కూలు పిల్లల ముందు పెట్టొద్దు, భయపడతారు.

ఇప్పుడు అసలు విషయం. మంచి ఛానల్ పెట్టినంత మాత్రాన చదువు రాదు. ఈత వీడియోలు వంద చూసినా చెరువులో దిగితే మునుగుతాం. వీడియో చూస్తున్నప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది, ఎందుకంటే కష్టమంతా చెప్పేవాడే పడుతున్నాడు. పిల్లవాడు నిజంగా నేర్చుకుంటున్నాడా అన్నది కంప్యూటర్ తెలియని తల్లి కూడా కనిపెట్టొచ్చు. వీడియో మధ్యలో ఆపుతున్నాడా? పక్కన నోట్‌బుక్కో కీబోర్డో ఉందా? ఒక్కసారైనా విసుక్కున్నాడా? గంటసేపు ఆపకుండా, విసుక్కోకుండా, నవ్వుతూ చూస్తే అది వినోదమే, పేరు ఏదైనా. "ఏం నేర్చుకున్నవ్?" అని అడక్కండి, "చాలా" అంటాడు. "ఇయ్యాల యాడ ఆగిపోయినవ్?" అని అడగండి. ఫలానా చోట ఎర్రర్ వచ్చింది, పోవట్లేదు అని చెప్తే ఆ రోజు బాగా గడిచినట్టు.

ఏం చేయించాలో తోచకపోతే మన ఊరి లెక్క ఒకటి ఇస్తాను. 2016 ఏప్రిల్‌లో దేశంలో ఈ-నామ్ మొదలైనప్పుడు తొలి విడత 21 మార్కెట్లలో మన నిజామాబాద్ యార్డు ఒకటి. మీలో చాలామంది పసుపు అక్కడ అమ్మినవారే. కుప్పకు లాట్ నంబరు పడుతుంది, వ్యాపారులు సరుకు చూసి తమ ధర కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో వేస్తారు, గడువు అయ్యాక ఎవరిది ఎక్కువో తేలుతుంది. ఆ తేల్చే పని ఒక ప్రోగ్రామ్ చేస్తుంది. దాన్ని మీ అమ్మాయినో అబ్బాయినో రాయమనండి. ఒక లాట్‌కు ఎనిమిది మంది ధరలు ఇచ్చి, పెద్దది ఏదో చెప్పమనండి. పైథాన్‌లో దీనికి ముందే తయారుగా ఉన్న మాట ఒకటుంది, అది వాడొద్దని షరతు పెట్టండి. మొదటి ధర గుర్తుపెట్టుకుని, తర్వాతిది దానికంటే ఎక్కువైతే పాతది మరిచిపోయి కొత్తది పట్టుకుంటూ చివరి వరకు పోవాలి. సీఎస్50పీలో లూప్స్ పాఠం అయ్యేసరికి ఇది వచ్చేయాలి.

అది అయ్యాక మీరు రైతుగా ప్రశ్నలు వేయండి. ఇద్దరు వ్యాపారులు ఒకే ధర వేస్తే లాట్ ఎవరికి? ఎవరూ ధర వేయకపోతే నీ ప్రోగ్రామ్ ఏం చెప్తుంది? 12,500 వేయబోయి సున్నా ఎక్కువ పడి 1,25,000 అని పడితే దాన్ని గెలిపిస్తావా, ఆపుతావా? ఆపితే ఏ లెక్కన ఆపుతావు? రైతుకు వచ్చిన ధర నచ్చకపోతే? ఈ ప్రశ్నలకు ఏ వీడియోలోనూ జవాబు దొరకదు. ఇక్కడే అసలు కంప్యూటర్ సైన్స్ మొదలవుతుంది, ఇక్కడ కంప్యూటర్ సార్ కంటే యార్డులో రాత్రుళ్లు కుప్ప కాపలా కాసిన తండ్రికే ఎక్కువ తెలుసు. ఇంగ్లిష్ రాదు, కంప్యూటర్ రాదు అని తండ్రి పక్కకు జరగక్కర్లేదన్నది నా అభిప్రాయం.

"ఏఐ వచ్చింది కదా సార్, కోడ్ అదే రాసేస్తది, ఇంకా ఎందుకు?" అని కూడా అడుగుతున్నారు. సగం నిజం. పైన చెప్పిన ఎనిమిది ధరల ప్రోగ్రామ్‌ను అది క్షణంలో రాసి ఇస్తుంది. కానీ సున్నా ఎక్కువ పడితే ఏం చేయాలన్న ప్రశ్న మనం అడిగితేనే దానికి తెలుస్తుంది. నేర్చుకునే దశలో దానితో రాయించుకోవడమంటే ట్యూషన్‌లో పక్కవాడి నోట్సు దింపుకోవడమే. అది లోపల ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలన్న పదో తరగతి పిల్లలకు గ్రాంట్ శాండర్సన్ అనే ఆయన నడిపే త్రీ బ్లూ వన్ బ్రౌన్ ఛానల్‌లో 2017లో వచ్చిన న్యూరల్ నెట్‌వర్క్ వీడియో చూపించండి. చేత్తో రాసిన అంకెను 28 అడ్డం, 28 నిలువు గళ్లుగా కోసి, ఆ 784 గళ్ల నలుపు తెలుపుల నుంచి అది మూడా ఎనిమిదా అని యంత్రం ఎలా చెప్తుందో బొమ్మలతో చూపిస్తారు. ఇంటర్‌లో మ్యాట్రిక్స్‌లు ఎందుకు చదవాలో ఆ వీడియో చూశాక పిల్లలు మళ్లీ అడగరు.

దూరంగా ఉంచాల్సినవి కూడా చెప్పాలి. '30 రోజుల్లో హ్యాకర్ అవ్వండి', 'కోడింగ్ లేకుండా కోటి ప్యాకేజీ', ఫలానా కంపెనీలో నా జీతం స్లిప్పు ఇదిగో, ఇవన్నీ ప్రకటనలే, పాఠాలు కావు. చివర్లో ఎక్కడో ఒక ఫీజు లింకు ఉంటుంది. 2020లో పిల్లల కోడింగ్ క్లాసుల కంపెనీ ఒకటి, చిన్నపిల్లవాడు యాప్ చేస్తే వాళ్లింటి ముందు పెట్టుబడిదారులు కొట్టుకుంటున్నట్టు ప్రకటనలు వేసింది. ప్రకటనల ప్రమాణాల మండలి తప్పుపట్టాక కొన్నింటిని వెనక్కి తీసుకుంది. ఆరేళ్ల పిల్లలకు కోడింగ్ రాకపోతే కొంపలేమీ మునగవు. ఆ వయసులో లెక్కలు, కథల పుస్తకాలు, గుట్ట ఎక్కడం చాలు. నా దృష్టిలో ఏడో తరగతి కంటే ముందు తొందర అనవసరం.

ఫోన్ సంగతికొస్తే, పాఠం చూడటానికి ఫోన్ చాలు, ప్రోగ్రామ్ రాయడానికి కీబోర్డు ఉంటే మేలు. ల్యాప్‌టాప్ కొనే స్థితి లేకపోతే పైడ్రాయిడ్ అనే యాప్‌తో ఫోన్‌లోనే పైథాన్ నడుస్తుంది, వేళ్లు నొప్పి పుట్టినా మొదలుపెట్టడానికి సరిపోతుంది. యూట్యూబ్‌లో ఆటోప్లే తీసేయండి. వీడియోలు ముందురోజే డౌన్‌లోడ్ చేసిపెట్టి, డేటా ఆపేసి ఇవ్వండి, అప్పుడు షార్ట్స్ గోల ఉండదు. వారానికోసారి హిస్టరీ చూడండి, చాటుగా కాదు, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకునే. ఇంకో మాట. ఇంట్లో ఫోన్ ఒక్కటే ఉన్నప్పుడు, దుబాయి నుంచి నాన్న కాల్ అయిపోయాక అది ముందు కొడుకు చేతికే పోతుంది. కూతురికి "నీకెందుకు, అన్నయ్య చూసినంక సూడు". ల్యాబ్‌లో ఎర్రర్ వస్తే వదలకుండా కూర్చునేవాళ్లలో ఆడపిల్లలే ఎక్కువ కనిపిస్తారు నాకు. గంట లెక్క ఇద్దరికీ సమానంగా రాసి గోడకు అంటించండి.

నలభై గంటలు అయ్యాక పిల్లవాడు "నాకు ఇది నచ్చలేదు" అంటే? సంతోషించండి. నాలుగేళ్లు, లక్షలు మిగిలాయి. నచ్చలేదన్న మాట బీటెక్ మూడో సంవత్సరంలో, బ్యాక్‌లాగ్‌ల మధ్య వినడం కంటే తొమ్మిదో తరగతి వేసవిలో వినడం నయం. సివిల్ ఉంది, వ్యవసాయ బీఎస్సీ ఉంది, కామర్స్ ఉంది. పసుపు బోర్డు మన జిల్లాకు వచ్చిన రోజుల్లో వ్యవసాయం, ఫుడ్ టెక్నాలజీ చదివిన పిల్లలకు ఇక్కడే పని దొరకదని ఎవరనగలరు? నచ్చితే మాత్రం ఆ పిల్లవాడికి పదో తరగతి మార్కుల కోసం చదవడానికి ఒక సొంత కారణం దొరుకుతుంది. గోదావరి దాటితే బాసరలో 2008 నుంచి నడుస్తున్న ట్రిపుల్ ఐటీ ఉంది. పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల చదువులోకి తీసుకుంటారు. అక్కడ బ్రాంచి ఎంచుకునే రోజున, పక్కవాడు ఏం రాశాడో చూసి కాకుండా తనకు తెలిసి రాస్తాడు.

చివరగా మన యాజమాన్యానికి ఒక విన్నపం, ఈ పత్రికలోనే పెడుతున్నాను. మన ల్యాబ్‌లో కంప్యూటర్లు సాయంత్రం బడి వదిలాక ఖాళీగా ఉంటాయి, సెలవుల్లో తాళం వేసి ఉంటాయి. విడిగా ఫీజు పెట్టి కొత్త కోడింగ్ ప్యాకేజీ తేవడం కంటే, ఆ ల్యాబ్‌ను రోజుకు గంటన్నర తెరిచి ఉంచి, ఒక మనిషిని కూర్చోబెడితే ఇంట్లో ల్యాప్‌టాప్ లేని పిల్లలకు ఎక్కువ మేలు. బస్సు వేళల ఇబ్బంది నాకు తెలుసు. వేసవిలో ఉదయం ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర వరకైతే ఆ ఇబ్బంది కూడా ఉండదు, నడిచో సైకిల్ మీదో వచ్చేవాళ్లు వస్తారు. కూర్చోవడానికి నేను సిద్ధం. ఇది కావాలనుకునే తల్లిదండ్రులు డైరీలో ఒక వాక్యం రాసి పంపండి. పది మంది రాస్తే ప్రిన్సిపాల్ గారి దగ్గరకు ఆ డైరీలే తీసుకెళ్తాను. ఎనిమిది ధరల ప్రోగ్రామ్ పూర్తిచేసిన పిల్లలుంటే అది కూడా కాగితం మీద రాసి పంపండి. ఇద్దరు ఒకే ధర వేస్తే ఏం చేశారో చూడాలని ఉంది.